ప్రయోగశాలలోని మూగసాక్షులు

ప్రపంచమున మొట్టమొదట రక్తపుపోటును కొలిపించుకొన్నట్లు ప్రసిద్ధికెక్కిన ప్రాణి మనుష్యుడు కాడు, ఒక ఆడగుఱ్ఱము. ఇంగ్లండులోని టెడింగ్టన్ గ్రామమున మతాచార్యుడుగా నుండిన స్టీఫెన్ హేల్స్ ఆ గుఱ్ఱమును కట్టి పరుండబెట్టి, దాని తొడలోని ధమనిలోనికి ఇత్తడి గొట్టమును చొప్పించి, దానిపై నిలువుగా ఒక గాజుగొట్టమును అమర్చెను. రక్తము ఆ గాజుగొట్టములో 8 అడుగుల 3 అంగుళముల ఎత్తువఱకు ఎగబ్రాకి, గుండె కొట్టుకొనినప్పుడెల్ల పైకిని క్రిందికిని ఊగుచుండెను. ఆ ముచ్చటను హేల్స్ 1733లో గ్రంథస్థము చేసెను. రోగి చేతికి పట్టీ చుట్టి పోటును కొలుచు సాధనమును ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో కనిపెట్టువఱకు, వైద్యునికి ఈ సంగతి నిత్యోపయోగము కాలేదు.

రక్తపుపోటును గూర్చిన మన జ్ఞానమునకు మూగజీవులే తొలి గురువులు. గర్భనిరోధక మాత్ర చరిత్రయు నట్టిదే; అదియు కుందేటితోనే ఆరంభమైనది. ఈ రెండు చరిత్రలు చాలకాలము ఒకే యింటిలోని రెండు గదులవలె, నడుమ తలుపు మూసికొని, వేర్వేఱుగా సాగినవి. ఆ తలుపు తెఱచుకొన్నది 1967లో. అంత ఆలస్య మేల జరిగినది, ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవా రెవరు అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా రక్తపుపోటు గదిలోనికి పోవుదము. 1898లో స్టాక్‌హోమ్ నగరమందలి కరోలిన్‌స్కా సంస్థలో రాబర్ట్ టిగర్‌స్టెట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన శిష్యుడు బెర్గ్‌మన్‌ను కుందేటి మూత్రపిండమునుండి తీసిన రసమును వేఱొక కుందేటి రక్తములోని కెక్కించి చూచిరి. ఆ కుందేటి రక్తపుపోటు పెరిగెను. మూత్రమును వడగట్టుట మాత్రమే పనిగా గలదని లోకము నమ్మిన మూత్రపిండము రక్తపుపోటును గూడ శాసించుచున్న దనుటకు అది తొలి సూచన. ఆ రసములోని పదార్థమునకు వారు 'రెనిన్' అని పేరిడిరి. కాని ఆ మాటను పట్టించుకొనినవారు అరుదు. 36 సంవత్సరములు గడచినపిమ్మట, 1934లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున హారీ గోల్డ్‌బ్లాట్ శునకముల మూత్రపిండ ధమనులకు చిన్న వెండి బిగింపులను తగిలించి, రక్తప్రవాహమును కొంత తగ్గించెను. ఆ శునకముల కన్నిటికి రక్తపుపోటు హెచ్చి, హెచ్చియే నిలిచెను. దానితో రెనిన్ మరల వెలుగులోనికి వచ్చెను.

రెనిన్ తానుగా రక్తనాళములను బిగింపజాలదని తరువాత తేలినది. కాలేయము నిరంతరము ఒక పెద్ద మాంసకృత్తును తయారుచేసి రక్తములోనికి పంపుచుండును. దానిని నేడు ఆంజియోటెన్సినోజెన్ అందురు. పొడవైన పూసలదండను ఊహించుకొనుడు. రెనిన్ ఒక కత్తెరవలె పనిచేసి, ఆ దండ కొననుండి పది పూసల ముక్కను తెగగోయును. ఇంకొక కత్తెర ఆ పదింటిలో రెండింటిని తొలగించి ఎనిమిది పూసల ముక్కగా మార్చును. ఈ ఎనిమిది పూసల ముక్కయే ఆంజియోటెన్సిన్. ఇది రక్తనాళములను బిగించును. మూత్రపిండముల శిరస్సులపై నున్న అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించి, ఆల్డోస్టిరోన్ అను హార్మోనుచేత శరీరమున ఉప్పును నిలువచేయించును. నాళములు ఇఱుకగుటయు, ఉప్పునీరు నిలుచుటయు రక్తపుపోటు పెరుగుటకు రెండు దారులు.

ఈ పదార్థమును 1939–40 ప్రాంతమున రెండు దేశములవారు ఒకరి నొకరు ఎఱుగకయే కనుగొనిరి: అర్జెంటీనాలోని బ్యూనస్ అయిరిస్ నగరమున బ్రౌన్-మెనెండెజ్ బృందము, అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున ఇర్విన్ పేజ్, ఆస్కర్ హెల్మర్ అనువారు. ఇరువురు పెట్టిన పేర్లను కలిపి 1958లో 'ఆంజియోటెన్సిన్' అను ఉమ్మడి పేరును స్థిరపఱచిరి. ఈ హెల్మర్ పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. మనకు మరల ఆయనతో పని గలదు.

ఇక రెండవ గదిలోనికి వత్తము. చూలుతో నున్న జంతువునకు మరల గర్భము నిలువదు గదా. ఆ నిరోధమును శరీరమే ఎట్లు కల్పించుచున్నది అని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయమున లుడ్విగ్ హాబర్‌లాంట్ ఆలోచించెను. 1919 మొదలుకొని ఆయన చూలు కుందేటి అండాశయమును చూలులేని కుందేటి శరీరమున నాటి చూడగా, ఆ రెండవ కుందేలు కొంతకాలము గొడ్రాలుగా నుండెను. హార్మోనుతో గర్భమును తాత్కాలికముగా నివారింపవచ్చు ననుటకు అది పునాది. 1937లో ఫిలడెల్ఫియాలో మేక్‌పీస్, ఆయన సహచరులు ప్రొజెస్టిరోన్ సూదిమందు కుందేటిలో అండము విడుదలకాకుండ ఆపునని నిరూపించిరి. 1938లో బెర్లిన్‌లోని షేరింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఇన్‌హోఫెన్, హోల్‌వెగ్ అనువారు స్త్రీ హార్మోనైన ఎస్ట్రోజెన్‌కు చిన్న రసాయనపు మార్పు చేసి, నోటితో మ్రింగినను నశింపని ఎథినైల్ ఎస్ట్రడయోల్‌ను తయారుచేసిరి. 1951లో మెక్సికో నగరమున, అడవి పెండలపుజాతి దుంపనుండి లభించు పదార్థము ముడిసరకుగా, జెరాసీ, మిరామోంటెస్, రోజెన్‌క్రాన్జ్ అనువారు మ్రింగదగిన ప్రొజెస్టిరోన్ వంటి మందును సాధించిరి.

ఈ ముడిపదార్థములన్నిటిని మాత్రగా కూర్చినది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున వూస్టర్ పరిశోధనా సంస్థకు చెందిన గ్రెగరీ పింకస్, మిన్ చ్యూ చాంగ్ అనువారు. కుటుంబ నియంత్రణోద్యమ నాయకురాలు మార్గరెట్ శాంగర్ ప్రోద్బలమును, కేథరీన్ మెకార్మిక్ అను ధనికురాలి విరాళములును వారి వెనుక నిలిచినవి. చాంగ్ కుందేళ్ళకును ఎలుకలకును ఒకదాని తరువాత నొకటిగా ఈ మందుల నిచ్చి, అండము విడుదలయైనదా లేదా యని పరీక్షించెను. ఆయన జంతువుల నడిగిన ప్రశ్న అదియే. దానికి అవి స్పష్టముగా బదులు చెప్పినవి.

ఇక్కడ ఒక విచిత్రము సంభవించెను. సెర్ల్ కంపెనీ సరఫరా చేసిన నోరెథినోడ్రెల్ అను మందులో మెస్ట్రనోల్ అను ఎస్ట్రోజెన్ స్వల్పముగా కలిసియున్నట్లు తెలియవచ్చినది. తయారీలో దొరలిన కల్మష మది. దానిని తొలగించి శుద్ధమైన మందు నిచ్చి చూడగా స్త్రీలకు అకాలమున రక్తస్రావము కానారంభించెను. కావున ఆ కల్మషమును తీసివేయుట మాని, ఇంత కొలత అని నిర్ణయించి, తెలిసియే కలిపిరి. ఇట్లు దొంగదారిని ప్రవేశించిన ఎస్ట్రోజెన్ మాత్రలో శాశ్వత నివాసి యయ్యెను. మన కథకు ఆయువుపట్టు ఈ ఎస్ట్రోజెనే.

1956లో పోర్టో రికో ద్వీపమున రియో పియెద్రాస్ అనుచోట పేద స్త్రీలపై పెద్ద పరీక్ష ఆరంభమయ్యెను. దానిని నడపిన వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భమును నివారించుట నిజమే యని చెప్పుచునే, మ్రింగినవారిలో నూటికి 17 మందికి వికారము, తలతిరుగుడు, తలనొప్పి, వాంతులు మొదలగు బాధలు కలుగుచున్నవనియు, సర్వజనోపయోగమునకు ఈ బాధలు మితిమీరినవనియు నివేదించెను. పింకస్ ఆ బాధలలో పెక్కింటిని మనస్సు కల్పించినవిగా తలచెను. 1957లో 'ఎనోవిడ్' అను పేర ఈ మందు ఋతుదోషముల చికిత్సకును, 1960లో గర్భనిరోధమునకును అమెరికా ప్రభుత్వపు అనుమతిని పొందెను. నాటి మాత్రలో సుమారు 10 మిల్లీగ్రాముల నోరెథినోడ్రెల్, 150 మైక్రోగ్రాముల మెస్ట్రనోల్ ఉండెడివి.

ఇప్పుడు ఆస్కర్ హెల్మర్ కడకు మరలివత్తము. 1952లో, అనగా మాత్ర అంగడిలోనికి వచ్చుటకు ఎనిమిది సంవత్సరములు ముందుగా, ఇండియానాపొలిస్‌లో హెల్మర్, గ్రిఫిత్ అనువారు ఎలుకలకు ఎస్ట్రోజెన్ నిచ్చి వాని రక్తమును పరీక్షించిరి. ఆ రక్తమున ఆంజియోటెన్సినోజెన్, అనగా కాలేయము గ్రుచ్చిపంపు ఆ పూసలదండ, మిక్కిలిగా పెరిగియుండెను. ఈ ఫలితమును వారు ప్రసిద్ధమైన అంతఃస్రావ గ్రంథుల శాస్త్రపత్రికలో అచ్చువేయించిరి. అది రహస్యము కాదు. ఏ గ్రంథాలయమునందైనను చదువదగిన విషయమే. అయినను, ఎస్ట్రోజెన్ ఎలుక కాలేయముచేత ఈ పని చేయించుచున్న యెడల, ఎస్ట్రోజెన్ గల మాత్రను ప్రతిదినము మ్రింగు స్త్రీ రక్తపుపోటు ఏమగును అను ప్రశ్న ఆ సంబంధమున లేవలేదు. మూత్రపిండ శాస్త్రజ్ఞులు చదువు పత్రికలు వేఱు, గర్భనిరోధమును గూర్చి పరిశోధించువారు చదువు పత్రికలు వేఱు. 1960లోనే ఆంజియోటెన్సిన్ ఆల్డోస్టిరోన్‌ను ప్రేరేపించునని మొదటి గదివారు నిరూపించిరి; అదే సంవత్సరమున రెండవ గదివారికి మాత్ర అమ్మకమునకు అనుమతి లభించెను. నడుమనున్న తలుపు మాత్రము మూసియేయున్నది.

తలుపును తట్టినది ఎలుక కాదు, స్త్రీ. మాత్రను వాడు స్త్రీలు లక్షలకు చేరినకొలది, పూర్వము ఆరోగ్యవంతులైన యువతులు కొందఱు హెచ్చిన రక్తపుపోటుతో వైద్యుల కడకు రాసాగిరి. 1967లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యుడు జాన్ లారా, ఆయన సహచరులు ఇట్టి రోగులను శ్రద్ధతో పరీక్షించి తమ నిర్ణయమును ప్రకటించిరి. ఎస్ట్రోజెన్ గల మాత్ర ఈ స్త్రీల రక్తమున ఆంజియోటెన్సినోజెన్‌ను పెంచుచున్నది. రెనిన్, ఆల్డోస్టిరోన్‌ల నడకను మార్చుచున్నది. మాత్ర మానిన పెక్కుమందికి రక్తపుపోటు మరల తగ్గుచున్నది. పదునైదు సంవత్సరములకు పూర్వము ఎలుకలు చెప్పియుండిన సాక్ష్యమే స్త్రీల నోట మరల వినబడినది.

మఱి మాత్ర మ్రింగిన స్త్రీ లందఱికిని రక్తపుపోటు ఏల పెరుగదు? పూసలదండ ఎక్కువైనప్పుడు, ఆరోగ్యవంతమైన మూత్రపిండము దానిని పసిగట్టి కత్తెరలను తగ్గించును. అనగా రెనిన్‌ను తక్కువగా విడుదల చేయును. అందుచేత అధిక సంఖ్యాకులలో పోటు కొద్దిగా మాత్రమే పెరుగును. ఈ సర్దుబాటు చాలనివారిలో అది హద్దు మీఱును. ఎవరి మూత్రపిండము సర్దుకొనగలదో, ఎవరిది సర్దుకొనజాలదో ముందుగా ముఖము చూచి చెప్పుటకు వీలులేదు, కొలిచి చూడవలసినదే.

అంతట శాస్త్రజ్ఞులు మరల జంతుశాలకు పోయిరి. ఎలుక రక్తపుపోటును కొలుచుటకు ధమనిని కోయవలసిన పనిలేదు. దానిని వెచ్చగా నుంచి, తోకకు చిన్న పట్టీ తగిలించి కొలుచు పద్ధతి 1930ల చివరినుండియు కలదు. ఈ పద్ధతిచే ఆడ ఎలుకలకు వారములతరబడి ఎథినైల్ ఎస్ట్రడయోల్ నిచ్చి, పోటును వరుసగా కొలిచిరి. అది మెల్లమెల్లగా పెరుగుట కనబడెను. రక్తమున ఆంజియోటెన్సినోజెన్ హెచ్చుటయు కనబడెను. 1990లలో రెండవ కత్తెర నడ్డగించు ఎనలాప్రిల్ అను మందును తోడుగా నిచ్చి చూడగా, అట్లు హెచ్చిన పోటు తగ్గెను. ఈ పూసలదండ మార్గము నిందితుడే యని దానితో మఱింత దృఢపడినది. మనుష్యునిలో అనుమానింపదగినదానిని జంతువులో విడదీసి చూచుటయే ప్రయోగశాల చేయగల మేలు.

అయితే ఆ మూగసాక్షి చెప్పిన మాటలన్నియు ఒకే తీరున లేవు. ఉప్పు తిన్నచో పోటు పెరుగు స్వభావము గల ఒక జాతి ఎలుకలలో, ఆడ ఎలుక అండాశయములను తొలగించినచో పోటు హెచ్చుచున్నది. సహజమైన ఎస్ట్రోజెన్‌ను తిరిగి ఇచ్చినచో తగ్గుచున్నది. ఒకచోట పోటును పెంచు ఎస్ట్రోజెన్ ఇంకొకచోట తగ్గించుట ఎట్లు? కీలకము రసాయనమునందును, మార్గమునందును కలదు. అండాశయమునుండి స్రవించు హార్మోను తిన్నగా రక్తమున కలిసి, రక్తనాళముల గోడలను సడలించును. మ్రింగిన మాత్ర ప్రేగులనుండి ముందుగా కాలేయమునకే పోవును. అందును ఎథినైల్ ఎస్ట్రడయోల్ త్వరగా నశింపని కృత్రిమ పదార్థ మగుటచే కాలేయమును గట్టిగా పురికొల్పును. మాట ఒక్కటియే యైనను పదార్థము, మోతాదు, మార్గము మాఱినచో ఫలము మాఱును. కావున ఎస్ట్రోజెన్ మంచిదా చెడ్డదా యని ప్రశ్నించుట తప్పు. ఏ ఎస్ట్రోజెన్, ఎంత, ఏ దారిని, ఏ ప్రాణికి అని ప్రశ్నింపవలయును.

జంతువు మాటను అతిగా నమ్మినను చిక్కే. 1960ల చివరినుండి అమెరికా ఔషధ నియంత్రణ శాఖ గర్భనిరోధక హార్మోనులను బీగిల్ జాతి శునకములపై 7 సంవత్సరములు, కోతులపై 10 సంవత్సరములు పరీక్షింపవలెనని నిర్ణయించెను. బీగిల్ శునకముల స్తనములలో గడ్డలు కనబడుటచే కొన్ని మందులు అంగడినుండి తొలగింపబడెను. ఈ హార్మోనుల విషయమున శునక శరీరము స్త్రీ శరీరమువలె వర్తింపదని తరువాత తేలగా ఆ నియమమును సడలించిరి. ఒక విషయమున ఎలుక చెప్పిన సత్యమును లోకము వినలేదు. వేఱొక విషయమున శునకము చెప్పినదానిని పొరబాటుగా విన్నది.

మొత్తముమీద ఈ చరిత్రను మలుపు త్రిప్పినది స్త్రీలను నేరుగా గమనించుటయే. 1968లో బ్రిటన్‌లోని సామాన్య వైద్యుల రాయల్ కాలేజీ, మాత్ర వాడువారు 23,000 మందిని, వాడనివారు 23,000 మందిని ఎన్నుకొని దీర్ఘకాల పరిశీలన కుపక్రమించెను. 1977లో వెలువడిన ఆ పరిశీలన ఫలితములలో, మాత్రలోని రెండవ భాగమైన ప్రొజెస్టొజెన్ మోతాదు పెరిగినకొలది రక్తపుపోటు వ్యాధియు పెరుగుచున్నదని తేలినది. అనగా నింద ఎస్ట్రోజెన్ ఒక్కదానిది మాత్రమే కాదు. నాళములలో రక్తము గడ్డకట్టుటను గూర్చిన భయముచే 1969లో బ్రిటన్, ఎస్ట్రోజెన్ 50 మైక్రోగ్రాములకు మించని మాత్రలనే వాడవలసినదిగా వైద్యులకు సలహా యిచ్చెను. 1970లో అమెరికా సెనేటులో గేలార్డ్ నెల్సన్ అధ్యక్షతన మాత్ర హానులపై విచారణ జరుగుచుండగా, మాత్ర వాడిన స్త్రీలలో ఒక్కరినైనను సాక్ష్యమునకు పిలువలేదేమని ప్రేక్షకులలోనుండి స్త్రీలు లేచి నిలదీసిరి. ఆ సంవత్సరమే మాత్రల పెట్టెలో హెచ్చరిక పత్రము నుంచవలెనను నియమము ఏర్పడెను.

నేటి మాత్రలు నాటి ఎనోవిడ్ కంటె ఎంతో తేలికయైనవి. మన దేశమున ప్రభుత్వము ఉచితముగా పంచు మాలా-ఎన్ మాత్రలో ఎథినైల్ ఎస్ట్రడయోల్ 30 మైక్రోగ్రాములే. మోతాదు తగ్గినకొలది ప్రమాదము తగ్గినది. కాని తుడిచిపెట్టుకొని పోలేదు. అందుచేతనే ఈ మిశ్రమ మాత్రను ఆరంభించుటకు ముందు రక్తపుపోటును కొలువవలెననియు, పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని దాటినవారికి సాధారణముగా వేఱొక పద్ధతియే మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు చెప్పుచున్నవి. ఎస్ట్రోజెన్ లేని మాత్రలు, రాగి తొడుగు గల సాధనములు మొదలగు మార్గము లనేకములు కలవు. ఏది తగునో వైద్యుడు నిర్ణయింపవలయును. చేతికి పట్టీ చుట్టి కొలుచుటకు పట్టునది రెండు మూడు నిమిషములు. ఆ రెండు మూడు నిమిషముల వెనుక హేల్స్ గుఱ్ఱము, టిగర్‌స్టెట్ కుందేలు, గోల్డ్‌బ్లాట్ శునకము, హెల్మర్ ఎలుక వరుసగా నిలిచియున్నవి. వాని సరసనే పోర్టో రికోలో తల తిరుగుచున్నదని చెప్పి, నమ్మబడని స్త్రీలు నిలిచియున్నారు.

ఈ మాత్ర స్త్రీజాతికి చేసిన మేలు చిన్నది కాదు. ఏటేట కాన్పులతో క్రుంగిపోవు తల్లులకు అది గొప్ప ఊరట. మేలు గొప్పదైనంత మాత్రమున కీడును లెక్కింప నక్కఱలేదను భావమే ఈ చరిత్రలోని లోపము. ప్రయోగశాలలోని ప్రాణి తన్నడిగిన ప్రశ్నకు మాత్రమే బదులు చెప్పును. అడుగని ప్రశ్నకు సమాధానము దాని రక్తములోనే యున్నను, అది నోరు విప్పి చెప్పజాలదు. నోరుగల మనుష్యుడు చెప్పినప్పుడైనను వినుట శాస్త్రమునకు కర్తవ్యము.